అజేయుడనిపించుకొన్న ఆటగానిని జయించుట యెట్లు?

పోటీల దినములు సమీపించినప్పుడెల్ల మా విద్యార్థులు మమ్ము నడుగు ప్రశ్న యొకటి కలదు. ఎదుటిపక్షమువాడు మనకంటె బలవంతుడని అందరికిని తెలిసియున్నప్పుడు మన మేమి చేయవలెను? "ధైర్యముగా నాడుడు, ప్రార్థన చేసికొని పొండు" అని చెప్పి పంపివేయుట సులభమే. ధైర్యమును ప్రార్థనయు కావలసినవే. కాని బంతి నెచ్చటికి కొట్టవలెనో ముందుగా నాలోచింపనివానికి ఆ రెండును ఆ యాలోచనను చేసిపెట్టవు. కావున ఈ సంచికయందు ఆ ప్రశ్నకు టెన్నిసు ఆటనుండి జవాబు చెప్పుటకు పూనుకొంటిమి. మేము తీసికొన్న ఉదాహరణము 1975వ సంవత్సరము జూలై 5వ తేదీని ఇంగ్లండు దేశమందలి వింబుల్డనులో జరిగిన పురుషుల అంత్యపోటీ. ఆనాడు జిమ్మీ కానర్సు అను అమెరికా యువకుని అదే దేశస్థుడైన ఆర్థరు ఆషు ఓడించెను. ఇరువురును ఆటయే జీవనోపాధిగా గలవారు.

తలిదండ్రులలో ఈ ఆట నెఱుగనివారి కొఱకు రెండు మాటలు చెప్పవలసియున్నది. కోర్టు మధ్యను వల కట్టియుండును. ఒకడు బంతిని ఎదుటిభాగమందలి యొక నియమితమైన గడిలో పడునట్లు కొట్టి ఆట ప్రారంభించును. దీనికి సర్వీసని పేరు. ఆ పిమ్మట బంతిని వలకు తగిలించినవాడును, గీతలకు వెలుపల కొట్టినవాడును, తనవైపునకు వచ్చినదానిని అది రెండవమారు నేలను తాకకముందు తిరుగగొట్టలేనివాడును పాయింటును పోగొట్టుకొనును. కనీసము నాలుగు పాయింట్లు సంపాదించి, ఎదుటివానికంటె రెండు పాయింట్లు ముందున్నవానికి గేము దక్కును. ఆఱు గేములు గెలిచిన సెట్టు. అందును రెండు గేముల అంతరముండుట సాధారణ నియమము. వింబుల్డనులో పురుషులు మూడు సెట్లు గెలిచినగాని పోటీ ముగియదు.

ఇప్పుడు లెక్క నొకదానిని చూతము. లెక్కలనగా ముఖము చిట్లించుకొను విద్యార్థులు సయితము దీనిని విడిచిపెట్టరాదని మా మనవి. స్విట్జర్లండు దేశస్థుడగు రోజరు ఫెదరరు తన కాలమున 1,526 ఒంటరిపోటీలాడి, వానిలో నూటికి దాదాపు 80 గెలిచెను. అట్టివాడు పాయింట్లలో నూటికెన్ని గెలిచియుండును? డెబ్బదియో ఎనుబదియో యని తోచును. ఆయనయే 2024వ సంవత్సరమున అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల పట్టభద్రులతో చెప్పిన సంఖ్య 54 మాత్రమే. తక్కిన 46 పాయింట్లును ఎదుటివారే గెలుచుకొనిరన్నమాట! ఇంత స్వల్పభేదము అంత గొప్ప విజయములను తెచ్చుట కింకొక కారణము కలదు. ప్రతి పాయింటునందును నూటికి 54 పాళ్లు గెలుచు అవకాశమున్నవానికి, గేములయందు ఆ అవకాశము నూటికి సుమారు 60కి పెరుగును. సెట్టునందు అంతకంటె నధికము. మూడు సెట్ల పోటీయందు మఱింత యధికము. పాలుపోయువాడు సేరునకొక చుక్క తగ్గించి కొలిచిన ఆ పూట ఎవరికిని తెలియదు గాని, సంవత్సరాంతమున అతని లాభము కనబడును గదా! అట్లే ఇదియు. కనుక అజేయుడని పేరుపడినవానికిని మనకును నడుమనున్నది పర్వతము కాదు. నూటికి నాలుగైదు పాయింట్లు ఇటునుండి అటు పోవుచున్నవి. వానిని నిలుపుకొనవలెను. అవి ఎక్కడ, ఏ దెబ్బయందు పోవుచున్నవో కనుగొనుటయే అసలు పని.

1975 నాటికి కానర్సుకు 22 ఏండ్లు. అంతకు ముందటి సంవత్సరమున అతడు ఆస్ట్రేలియా, వింబుల్డను, అమెరికా పోటీలు మూడింటిని గెలిచియుండెను. 1974 వింబుల్డను అంత్యపోటీలో కెన్ రోజ్‌వాలు వంటి ఆరితేరిన ఆటగానికి ఆఱు గేములు మాత్రమే విడిచిపెట్టెను. 1975లోను ఒక్క సెట్టైన పోగొట్టుకొనక అంత్యపోటీకి వచ్చెను. ఆషు అంతకుముందు అతనితో మూడుమార్లాడి మూడుమార్లును ఓడియుండెను. మఱి యైదు దినములకు ఆషునకు 32 ఏండ్లు నిండును. పందెములు కాయువారు ఎవరి పక్షమున నుండిరో చెప్పనక్కఱలేదు.

కానర్సు బలమేమి? అతడు మిక్కిలి పొడగరి కాడు. అతని సర్వీసు భయంకరమైనది కాదు. ఎడమచేతివాటము గలవాడు, కుడివైపునకు వచ్చిన బంతిని రెండుచేతులతో రాకెట్టు పట్టి కొట్టును. బంతి నేలనుండి ఎగసి పైకివచ్చుచుండగనే ముందుకు వంగి దానినెదుర్కొని, తన శరీరభారమంతయు దానిపై పెట్టి, వలకు కొంచెము పైగా బద్దవలె చదునుగా పంపును. ఎదుటివాడెంత వేగముగా కొట్టిన ఆ బంతి అంతకంటె వేగముగా తిరిగివచ్చును. ఉపాంత్యపోటీలో రాస్కో టానరు అను మహావేగపు సర్వీసుగాడు తన బలమంతయు చూపెను. కానర్సు వానిని మూడు సెట్లలో పంపివేసెను. వాలితో ఎదుట నిలిచి పోరాడువాని బలములో సగము వాలికే చేరునని మన యూళ్లలో పెద్దలు చెప్పెడి రామాయణకథ ఎల్లరును వినియుందురు. కానర్సు అట్టివాడు. టానరు తానే వానికి బలమిచ్చి, ఆ బలముచేతనే దెబ్బతినెను. ఆషునకు చెట్టుచాటున నిలుచు వీలు లేదు. ఎదుటనే నిలువవలెను, నిలిచియు బలమీయకుండవలెను.

అయితే ఇందులో నొక చిక్కు గలదు. ఆషు స్వయముగా వేగమునకు పేరుపొందినవాడు. అతని సర్వీసును, బ్యాక్‌హ్యాండును ఆ కాలపు గొప్ప దెబ్బలలోనివి. వానితోడనే అతడు 1968లో అమెరికా పోటీని, 1970లో ఆస్ట్రేలియా పోటీని గెలిచియుండెను. ఇప్పుడు ఆ దెబ్బలనే కట్టిపెట్టవలసివచ్చెను. దావీదు సౌలు ఇచ్చిన కవచమును తీసివేసి గొల్యాతు మీదికి వెళ్లెనని మనము ఆదివారపు బడిలో నేర్చుకొంటిమి. అది అతనికి అలవాటులేని కవచము. తీసివేయుట అంత కష్టము కాకపోవచ్చును. ఆషు తీసివేయవలసినది ఇరువదియేండ్లుగా తన దేహమునకు అంటియున్నది.

ఆషు వృత్తాంతము కొంత చెప్పినగాని ఈ సంగతి బోధపడదు. అతడు 1943లో వర్జీనియా రాష్ట్రమందలి రిచ్‌మండు పట్టణమున నీగ్రోలని ఆ కాలమువారు పిలిచిన నల్లజాతి కుటుంబములో జన్మించెను. ఆ ఊర తెల్లవారి పార్కులలోని టెన్నిసు కోర్టులపై అతడు కాలు పెట్టరాదు. తండ్రి నల్లవారికి ఏర్పఱచిన పార్కునొకదానిని చూచుకొను ఉద్యోగి యగుటచే ఆ బాలునికి రాకెట్టు పట్టు వీలు కలిగెను. పిమ్మట లించ్‌బర్గు పట్టణమున వైద్యుడగు రాబర్టు వాల్టరు జాన్సను నల్లజాతి బాలురకు వేసవియందు ఆట నేర్పుచు, ఆషును తనయొద్ద చేర్చుకొనెను. ఆ గురువు దెబ్బలతోపాటు నడవడియు నేర్పెను. తీర్పరితో వాదింపరాదు, రాకెట్టు విసరరాదు, గీతకు కొంచెము వెలుపల పడిన బంతిని సయితము లోపల పడినట్లే యెంచి తిరుగగొట్టవలెను. ఒక నల్లపిల్లవాడు కోపపడెనని చెప్పి ఆటనుండి వెళ్లగొట్టుటకు ఎవరికిని సందీయరాదని ఆయన తలంపు. ఈ నియమములో నొక అన్యాయము దాగియున్నదని మేమెఱుగుదుము. తెల్లపిల్లలకు ఆ భారము లేదు. అయినను ఆ విధముగా పెరిగినవానికి తన యావేశమును చేతిలో పట్టుకొనుట బాల్యమునుండి వచ్చిన విద్య యాయెను.

ఆ సంవత్సరము ఇరువురికిని నడుమ వైరమును పెరిగియుండెను. దేశము పక్షమున ఆడెడు డేవిసు కప్పు పోటీలకు కానర్సు రాకుండుటను ఆషు విమర్శించెను. కానర్సు న్యాయస్థానమున దావా వేసియుండెను. ఇట్టి సమయమున మనుష్యునికి కలుగు కోరిక యేది? బంతిని పగులగొట్టవలెననియే గదా!

అంత్యపోటీకి ముందటి రాత్రి ఆషు స్నేహితులతో కూర్చుండి కానర్సు ఆటను భాగభాగములుగా విడదీసి చూచెను. ఏర్పఱచుకొన్న పద్ధతిని మేము మాకు తెలిసినంతవఱకు వివరింతుము.

మొదటిది వేగమును గూర్చినది. గోడకు బంతిని బలముగా కొట్టిన బలముగా తిరిగివచ్చును. మెల్లగా తాకించిన మెల్లగా వచ్చును. కానర్సు గోడవంటివాడు. కావున అతనికి బరువులేని బంతినే పంపవలెను. అంతమాత్రము చాలదు. ఆ బంతి ఎత్తుగా లేచిన అతడు నింపాదిగా నిలువబడి తానే వేగము పుట్టించి కొట్టును. కనుక అది వాలుగా గీసినట్లు కొట్టబడి, పచ్చికపై జారి, మోకాళ్లకు దిగువనే యుండవలెను. వల నడిమిభాగము మూడడుగుల యెత్తు. మోకాలికి దిగువనున్న బంతిని చదునుగా కొట్టిన వలకు తగులును. పైకెత్తి బలముగా కొట్టిన గీత దాటిపోవును. బంతిని ముందుకు గిఱ్ఱున తిరుగునట్లు కొట్టువారికి ఈ చిక్కు లేదు, ఏలయన ఆ తిరుగుడు బంతిని మరల క్రిందికి లాగును. కానర్సు దెబ్బలో ఆ తిరుగుడు బహు స్వల్పము. మఱియు ఎడమచేతి ఫోర్‌హ్యాండున, వలకును వెనుకగీతకును నడుమ పడిన ఇట్టి బంతులే అతనికి కష్టమని వారు గుర్తించిరి. అచ్చటికే పంపవలెను.

రెండవది సర్వీసు. రెండుచేతులతో రాకెట్టు పట్టువానికి బలమెక్కువ, అందుబాటు తక్కువ. ఒక చేతితో పట్టువాడు చాచగలిగినంత దూరము రెండు చేతులవాడు చాచలేడు. ఈ సంగతిని మా విద్యార్థులు ఒక కఱ్ఱను పట్టుకొని తామే పరీక్షించి చూడవచ్చును. కుడిచేతివాడగు ఆషు తన కుడిభాగమునుండి సర్వీసు చేయునప్పుడు బంతి ప్రక్కను గీసిన, అది కానర్సు కుడివైపునకు, అనగా ఆ రెండుచేతుల వైపునకు, వంగుచు కోర్టు వెలుపలికి పోవును. దానినందుకొనుటకు అతడు కోర్టు విడిచి బయటికి రావలెను. అంతట కోర్టంతయు ఖాళీ.

తక్కినవి చిన్నవి. కానర్సు వలయొద్దకు పరుగెత్తి వచ్చినప్పుడు తలమీదుగా ఎత్తైన బంతి, దానిని లాబ్ అందురు, వేయవలెను. ఆట సాగునప్పుడు బంతిని కోర్టు నడుమకే పంపవలెను. మూలలకు పంపిన కానర్సు ఇంకను వాలుగా మూలలకే కొట్టును, నడుమనుండి అతనికి అట్టి కోణములు దొరకవు. అప్పుడప్పుడు మాత్రము ఒక వేగపు దెబ్బ వేయవలెను, లేనియెడల అతడు మెల్లని బంతులకు అలవాటుపడిపోవును.

పోటీ ప్రారంభమైనది. మొదటి సెట్టు ఆషునకు 6–1. రెండవదియు 6–1. చూచువారు తమ కన్నులను తాము నమ్మలేకపోయిరి. కానర్సు కొట్టిన బంతులు వలకును, గీతల వెలుపలికిని పోవుచుండెను. అతడు చెడుగా నాడుచున్నాడని కొందఱనుకొనిరి. కానర్సుకు ఆ దినములలో కాలినొప్పి యుండెనని తరువాత చెప్పుకొన్నవారును కలరు. అది కొంత నిజము కావచ్చును. కాని అతడు చెడుగా నాడునట్లు బంతిని పంపినవాడెవడో కూడ ఆలోచింపవలెను. వైపులు మారునప్పుడు కుర్చీలో కూర్చుండిన ఆషు కన్నులు మూసికొని కదలక యుండెను. నిద్రించుచున్నాడా యని సందేహము గలిగించునంత నిశ్చలత.

మా యభిప్రాయమున ఈ పోటీలో నేర్చుకొనదగినది ఈ రెండు సెట్లలో లేదు. మంచి ఉపాయము మొదట ఫలించుట అంత అపూర్వము కాదు. మూడవ సెట్టులో కానర్సు మెల్లగా కుదుటపడి 7–5గా గెలిచెను. నాలుగవ సెట్టులో మూడు గేములు వరుసగా తీసికొని 3–0గా ముందుకు పోయెను. ఇప్పుడు ఆషు స్థితిని తలంచుడు. ఉపాయము బయటపడినది. ఎదుటివానికి వయస్సున్నది, ఊపు వచ్చినది, జనుల కేకలున్నవి. ఈ క్షణమున నూటికి తొంబదిమంది తమకు అలవాటైన ఆటకే పరుగెత్తుదురు. పరీక్షలో ఒక లెక్క తప్పిపోయినంతనే తాను నేర్చిన పద్ధతిని కొట్టివేసి, పక్కవాని పలకవైపు చూచు బాలుని మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము.

ఆషు తన పద్ధతిని విడువలేదు. మూడవ సెట్టు పోవుటకు కారణము పద్ధతి తప్పగుట కాదు, కానర్సు బాగుగా నాడుటయే. ఈ రెండింటిని వేఱుచేసి చూడగలుగుట మిక్కిలి కష్టము. ఓడుచున్నవానికి రెండును ఒక్క తీరుగనే కనబడును. ఆషు మరల అదే మెల్లని బంతి, అదే వంగెడు సర్వీసు, అదే ఓర్పు చూపెను. పోయిన గేమును తిరిగి సంపాదించి, ఒకటొకటిగా సమము చేసి, 6–4గా ఆ సెట్టును పోటీని గెలిచెను. కట్టకడపటి పాయింటు సయితము ఆ రాత్రి అనుకొన్నట్లే వచ్చెను: సర్వీసు కానర్సు రెండుచేతుల వైపునకు వెడలెను, తిరిగివచ్చిన బంతి బలహీనమై గాలిలో తేలెను, వలయొద్దనున్న ఆషు దానిని ఖాళీభాగమున పడగొట్టెను. వింబుల్డను ఒంటరిపోటీ గెలిచిన నల్లజాతి పురుషులలో అతడే ప్రథముడు. స్త్రీలలో ఆల్థియా గిబ్సను 1957లోను 1958లోను గెలిచియుండెను.

ఇది చదివి మా విద్యార్థులు మెల్లగా కొట్టుటయే జయోపాయమని తలంతురేమో! అది వైద్యుడు ఒక రోగికిచ్చిన మందును ఊరందఱును త్రాగుటవంటిది. మెల్లని బంతి కానర్సుకు విరుగుడు గాని ఎల్లరకును కాదు. స్పెయినుదేశపు రాఫేలు నాదాలు పారిసు నగరమందలి ఎఱ్ఱమట్టి కోర్టులపై 2005 మొదలు 2008 వఱకు నాలుగు సంవత్సరములు వరుసగా గెలిచి, అచ్చట 31 పోటీలలో ఒక్కటియు ఓడక యుండెను. అతని బంతి మిక్కుటముగా తిరుగుచు వచ్చి, మట్టిపై పడి, భుజములకు పైగా లేచును. ఆ యెత్తున కొట్టలేక ఎదుటివారు వెనుకకు జరుగుదురు. జరిగినవారు వాని యిష్టము వచ్చినట్లు పరుగులెత్తుదురు. అట్టివానికి మెల్లని బంతి నిచ్చుట వానిని భోజనమునకు పిలుచుటయే. 2009వ సంవత్సరము మే 31వ తేదీని స్వీడనుదేశస్థుడగు రాబిన్ సోడర్లింగు దీనికి పూర్తిగా విపరీతమైన పద్ధతి నవలంబించెను. అతడు ఆఱడుగులకుపైగా నాలుగంగుళముల పొడవువాడు. ఇతరులకు భుజములమీదికి వచ్చు బంతి అతనికి కొట్టదగిన యెత్తుననే వచ్చును. అతడు వెనుకకు జరుగక, ఆ బంతినే చదునుగా, మహావేగముగా కొట్టి, నాదాలునకు సమయమే లేకుండ చేసెను. 6–2, 6–7, 6–4, 7–6గా గెలిచెను. కొన్ని వారములకు ముందే రోము నగరమున అదే సోడర్లింగు అదే నాదాలుచేతిలో 6–1, 6–0గా ఓడియుండెనని మఱువరాదు.

మన దేశమునుండియు నొక యుదాహరణము కలదు. 1989వ సంవత్సరము జనవరియందు ఆస్ట్రేలియా పోటీలో మద్రాసువాడగు రమేశ్ కృష్ణను, అప్పటికి ప్రపంచమున మొదటి స్థానమందున్న మాట్సు విలాండరును మూడు సెట్లలోనే ఓడించెను. విలాండరు అంతకుముందు సంవత్సరమున నాలుగు మహాపోటీలలో మూడింటిని గెలిచినవాడు. రమేశ్ సర్వీసు బలహీనమని అందఱును చెప్పెడివారు. బంతి నెప్పుడు తాకవలెనో, ఎచ్చట దింపవలెనో మాత్రము అతనికి తెలియును.

మా విద్యార్థులకు ఆటకు ముందు చేతులు వదులు చేసికొనుటకై ఎదుటివానితో బంతిని అటునిటు కొట్టుకొను కొలది నిమిషములు దొరకును. ఆ సమయమున చాలమంది తమ దెబ్బల సొగసునే చూపుచుందురు. దానికి బదులు రెండు మూడు ఎత్తు బంతులు, రెండు మూడు పల్లపు బంతులు, ఒకటి నేరుగా అతని శరీరముమీదికి పంపి, దేనికి అతని పాదములు తడబడునో గమనించుడు. దెబ్బలనుండి అతనికి బలము తెలియును. పాదములనుండి మీకు అతని కష్టము తెలియును. కబడ్డీ ఆడువారును దీనినే చేయుదురు. కూతకు వచ్చినవాని నడుమునే చూచుచుందురు గాని వాని చేతులను కాదు.

ఒక్కటి మాత్రము దాచరాదు. ఇట్లు ఓడినవాడు కూలిపోవునని అనుకొనరాదు. కానర్సు ఆ యోటమి తరువాత 1977 ఆగస్టువఱకు మొదటి స్థానమును విడువనేలేదు; 1976లోను 1978లోను అమెరికా పోటీని గెలిచి, 1982లో వింబుల్డనును మరల సంపాదించెను. నాదాలు మాట చెప్పనేల? 2010వ సంవత్సరము పారిసు అంత్యపోటీకి సోడర్లింగు అదే చదునైన దెబ్బలతో మరల వచ్చెను. ఆ సంవత్సరమంతయు నాదాలు ఆ దెబ్బలను గూర్చి ఆలోచించియుండును గాబోలు. 6–4, 6–2, 6–4గా ముగించెను. ఆ పిమ్మట 2024లో ఆట విరమించువఱకు అతడు ఆ ఎఱ్ఱమట్టిపై గెలిచిన పోటీలు మొత్తము 112, ఓడినవి నాలుగు.